నాలుగు డిస్కులూ నడుమ గోడా

మా పక్కింటి అన్న పోయి నెల కావస్తోంది. ఆ పొద్దున కబురు చెప్పడానికి ఎవరూ మా ఇంటికి రాలేదు. రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే. వదిన ఆయన్ని పేరు పెట్టి పిలవడం వినిపించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. నలభై ఏళ్లుగా ఆ గోడ పక్కనే ఉన్నాను, ఆమె నోట ఆ పేరు ఎన్నడూ వినలేదు. కాఫీ లోటా కింద పెట్టి లేచాను.

ఆయన నాకు చుట్టం కాదు. పీలమేడు మిల్లులో ఫిట్టరుగా చేశాడు. పని మానినాక కాలేజీ పిల్లలు పారేసిన కంప్యూటర్లు తెచ్చి, విప్పి, మళ్లీ బిగించి, అట్లా నేర్చుకున్నాడు. నాకు మాటలు తక్కువని ఆయనకి తెలుసు. వాకిట్లో నిలబడితే చాలు, "ఏమి పాడైంది?" అంటూ చెప్పులు వేసుకునేవాడు.

మా అమ్మ పాడిన పాటలు పాత క్యాసెట్లలో ఉండేవి. ఉయ్యాల పాటలు, పెళ్లి పాటలు, నాట్లప్పటివి. తిరుప్పూరులో ఉండే మా కొడుకు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, లోపల నాలుగు డిస్కులు పెట్టి ఇచ్చాడు. నాలుగూ కలిసి ఒకే మూట మోస్తాయి, ఒకటి పడిపోయినా మిగతావి మోస్తాయి, రెండు పడితే మాత్రం అంతా పోతుంది అన్నాడు. క్యాసెట్లకి అప్పటికే బూజు పట్టింది. ఇంకోచోట నకలు లేదు. అమ్మ గొంతు ఇక ఆ పెట్టెలోనే. ఈ అరవ దేశంలో పుట్టిన మా మనవళ్లు మాట్లాడేది అరవమే.

నిరుడు ఆ పెట్టె కూయడం మొదలుపెట్టింది. ఒకరోజు రెండో డిస్కు లేదంటుంది. సరిచేస్తే నాలుగు రోజులకి మూడోది లేదంటుంది. నకలు తీయబోతే సగంలో నిలిచిపోతుంది. అంగడికి మోసుకుపోతే, అన్నీ బాగున్నాయి పోండి అన్నారు. కొడుకు ఫోనులో, "అంతా తుడిచేసి మొదటినుంచి వేద్దాం నాయనా" అన్నాడు. తుడవడం అన్న మాట వినగానే ఫోను పెట్టేసి అన్న వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

అన్న వచ్చి చూశాడు. "తుడిచేది ఎవడైనా తుడుస్తాడు. ఒకసారికి ఒక్కటే మార్చుదాం. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో మనకి తెలీదు" అన్నాడు. వైర్లు మార్చి పది రోజులు చూశాడు. లోపల కరెంటు ఇచ్చే డబ్బా మార్చి ఇంకో పది రోజులు. తప్పు వచ్చినప్పుడల్లా క్యాలెండరు కాగితం వెనక వేళ రాసేవాడు. ఒకరోజు ఆ కాగితాలన్నీ నేలమీద పరిచాడు.

"అన్నీ పొద్దున పది లోపలే. నీ పెట్టె ఏమి, మొదటి షిఫ్టుకే వస్తా ఉండాదా?"

మర్నాడు గ్లాసు నిండా నీళ్లు పోసి ఆ పెట్టె మీద పెట్టాడు. మిల్లులో మిషన్ల అదురు అట్లాగే చూసేవాళ్లంట. ఇద్దరం ఎదురుగా కూచున్నాం. ఆరోజు ఏమీ లేదు. ఆ మర్నాడూ లేదు. మూడో రోజు తొమ్మిదిన్నరకి నీళ్లలో సన్నగా చుట్లు లేచాయి. అన్న గోడకి చెవి ఆనించాడు. ఆయన మొహం చూడాల్సింది.

"ఏమే! గ్రైండరు ఆపు!" అని అరిచాడు. నీళ్లు నిలిచాయి. "మళ్లీ వెయ్యి!" నీళ్లు కదిలాయి.

వదిన పిండి చేతులతోనే వచ్చింది. "నా పిండి ఏమి చేసింది మీకు?"

"మరిది ఇంట్లో డిస్కుల్ని రుబ్బుతా ఉండావే నువ్వు."

"రుబ్బితిని పో. ఆ పిండితో దోసెలు తినింది ఎవరంట? ఆయనే గదా!"

నిజమే. రుబ్బినప్పుడల్లా మాకు ఒక గిన్నె వచ్చేది.

తప్పు గ్రైండరుది కాదు, నాది. అమ్మ గొంతు ఉందని ఆ పెట్టెని దేవుడి పటాలు పెట్టే గోడ పలక మీద, అమ్మ పటం పక్కన పెట్టాను. ఆ పలక బిగించింది నడుమ గోడకే. అవతల గ్రైండరు ఆనుకుని ఉన్నదీ ఆ గోడకే. దించి నేలమీద పెట్టమన్నాడు అన్న. నాకు చేతులు రాలేదు.

"కాళ్లు తిరిగే చోటు అన్నా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మీ అమ్మ బతికినన్నాళ్లూ నేలమీద చాప వేసుకునే పండుకునింది. ఇప్పుడు కోపం చేసుకుంటుందా? దుప్పటి మడిచి వెయ్యి" అన్నాడు.

వేశాను. మళ్లీ ఒక్క తప్పూ రాలేదు. ఆ వారమే నకలు పూర్తిగా పెన్‌డ్రైవులోకి తీసి నా చేతిలో పెట్టాడు. ఏదో చెప్పాలని ఆయన వాకిట్లో నిలబడ్డాను. "సరి సరి, పో. ఎండగా ఉండాది" అన్నాడు. చెప్పకుండానే వచ్చేశాను. చెప్పి ఉండాల్సింది.

పోయిన రోజు ఆయన్ని వాకిట్లో పండుకోబెట్టినప్పుడు వీధి ఆడవాళ్లు అరవంలో పాడి ఏడ్చారు. బాగానే పాడారు. వదిన కంట నీళ్లు రాలేదు. నన్ను దగ్గరికి పిలిచి, "మరిదీ, మన మాటలో ఏడ్చేవాళ్లు ఇంక ఎవరూ లేరా?" అంది.

ఉంది. అమ్మ పాడిన ఏడుపు పాట, ఒకే ఒక్కటి. చావు లేని ఇంట్లో ఆ పాట పాడకూడదని అమ్మ పట్టుబడితే, టేపు పట్టుకుని పొలంలో మోటారు కొట్టంలోకి పోయాం. తన అన్న పోయినప్పుడు పాడినదాన్నే అక్కడ కూచుని మళ్లీ పాడింది. నేను దాన్ని ఇంట్లో ఎన్నడూ తెరవలేదు. ఆరోజు అన్న ఇచ్చిన పెన్‌డ్రైవు స్పీకరుకి గుచ్చి, తీసుకుపోయి వాళ్ల తిన్నె మీద పెట్టాను.

పాట ఎక్కడా ఆగలేదు. అమ్మ "అన్నా" అని పిలిచిన చోటల్లా నా పెదాలు కూడా కదిలాయి. వదిన తలపట్టుకుని వంగింది. అప్పుడు ఏడ్చింది.

పాట అయిపోయినాక కూడా రికార్డింగు కొంతసేపు నడిచింది. ఆనాటి మోటారు నీళ్లు కాలవలోకి పడతా ఉన్న సడి. తిన్నె మీద కూచున్న ఆడవాళ్లంతా ఆ నీళ్లనే వింటా ఉండిపోయారు.