నంబర్ వన్ పాట ఎవరి ఊరిది

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో మా క్యాంపస్‌లో చదువు తప్ప అన్నీ సమయానికి జరిగేవి. పొద్దున ర్యాలీ, మధ్యాహ్నం మీటింగు, సాయంత్రం ధూంధాం. పరీక్షలు మాత్రం వాయిదా పడేవి. కొత్త తేదీ ప్రకటించేవారు, సరిగ్గా ఆ తేదీకే బంద్ పిలుపు వచ్చేది. ఇంత చరిత్ర కళ్ల ముందు నడుస్తుంటే నువ్వేం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కాస్త మొహమాటం. విదేశాల్లో ఏ పాట మొదటి స్థానంలో ఉందో చూస్తూ ఉండేవాణ్ణి. మిగతా కుర్రాళ్లు క్రికెట్ స్కోరు చూసినట్టు నేను ప్రతి వారం పాటల ర్యాంకులు చూసేవాణ్ణి. ఆ ఏడాది ఒక డిస్కో పాట వచ్చింది. (పేరు చెప్పను. చెబితే మీరు విని, ఇందులో అంత ఏముందయ్యా అంటారు.) ఎప్పుడో పాతబడిపోయిన డిస్కో పద్ధతిని దుమ్ము దులిపి, కింద బేస్ గిటారూ పైన చప్పట్లూ పెట్టి ఎవరో పాడారు. అది ముందు ఒక దేశంలో నంబర్ వన్ అయింది, తర్వాత పక్క దేశంలో, ఆ తర్వాత సముద్రం దాటి ఇంకో ఖండంలో. ఒక్కో దేశం చేజిక్కినప్పుడల్లా నేను హాస్టల్‌కి వెళ్లి ప్రకటించేవాణ్ణి, మా మేనమామ ఎక్కడో ఎన్నికల్లో గెలుస్తున్నట్టు. ఎవరూ అభినందించలేదు గానీ, నాకు నంబర్ వన్ అని పేరు మాత్రం పెట్టారు.

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. నాన్నది ప్రభుత్వోద్యోగం. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. క్లాసులో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే నేను గదిలో అడుగు పెట్టగానే నీళ్ల గురించీ ఉద్యోగాల గురించీ జోరుగా నడుస్తున్న చర్చ మర్యాదగా మెస్‌లో సాంబారు మీదికి మళ్లేది. ఆ మర్యాదే నన్ను తినేసేది. నా ఎదురుగానే నాలుగు తిట్లు తిట్టుకుంటే నేనూ వాళ్లలో ఒకణ్ణయిపోతానని ఆశగా ఉండేది. అందుకే పెద్దన్న పాటల బృందంలో కోరస్‌కి ఒక మనిషి తగ్గాడని తెలియగానే పరిగెత్తాను. పెద్దన్న సిద్దిపేట వైపు నుంచి వచ్చి ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేస్తున్న మనిషి (గైడు కంటే ఆయనే వయసులో పెద్ద అని ఒక వాదన ఉండేది). పాట ఆయనే కట్టి, డప్పు ఆయనే కొట్టి, ఆయనే పాడేవాడు. చివరి ముక్క అందుకుని తిరిగి పాడటం మా పని. నన్ను వెనక వరుసలో, ఆ చివర, ఒక స్తంభం ఉంటే స్తంభం వెనకాల నిలబెట్టేవారు. నాకు అదే సింహాసనం.

ఇలా ఉండగా ఆర్ట్స్ కాలేజీ ముందు పెద్ద సభ ఒకటి ఖాయమైంది. చాలా బృందాలు వస్తున్నాయి. వచ్చిన చిక్కేమిటంటే, జనం నోట్లో ఉన్న బాణీ తీసుకుని అందులో ఉద్యమం మాటలు కూర్చడం మా అందరి పద్ధతి. అప్పటికి ఉన్న బాణీలన్నీ అందరూ వాడేశారు. పెద్దన్న దిగులుగా టీ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చున్న నేను అలవాటు కొద్దీ నా డిస్కో పాట దరువు బల్ల మీద వేస్తున్నాను. పెద్దన్న గ్లాసు దించాడు.

"తమ్మీ, గా దరువు మల్లొకపారి కొట్టు."

కొట్టాను. ఇది ఫలానా విదేశీ డిస్కో పాట అనీ, ఇన్ని దేశాల్లో మొదటి స్థానంలో ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పాను కూడా. పెద్దన్న నన్ను జాలిగా చూశాడు.

"డిస్కో ఏంది తమ్మీ. ఇది మా ఊర్ల బోనాలకు పోతరాజు ముందట కొట్టే దరువు. మా తాత కొట్టిండు, మా బాపు కొట్టిండు."

డప్పు తీసి వాయించాడు. చెప్పకేం, అచ్చుగుద్దినట్టు సరిపోయింది. నేను ఫోన్ తీసి అసలు పాట వినిపించాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, డాక్టరు రోగి గుండె విన్నట్టు మొత్తం విన్నాడు. విని, తీసి నా చేతిలో పెట్టి, వాళ్లు కూడా బాగానే నేర్చుకున్నారని మెచ్చుకున్నాడు. టీ చల్లారేలోపు పల్లవి తయారైంది, రెండో టీకి చరణాలు.

ఆ సాయంత్రం ఇంట్లో స్నానం చేస్తూ కోరస్ సాధన చేస్తున్నాను. బయటికి రాగానే నాన్న పేపరు మడిచి, ఆ పాట నీకెవరు నేర్పారురా అని అడిగారు. విదేశీ డిస్కో అని మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. "డిస్కో ఏమిట్రా నీ మొహం. అది మా ఊళ్లో రామమందిరం ముందు వేసే కోలాటం పాట. నేను వేశాను, నాకు తెలీదూ?" అన్నారు. అమ్మ వంటింట్లోంచి, తనకైతే అది మంగళహారతిలా వినిపిస్తోందని అంది. నాన్న ఆ అభిప్రాయాన్ని పరిశీలనకు తీసుకోలేదు.

నాకిది మహా నవ్వులాటగా అనిపించింది. మర్నాడు రిహార్సల్లో అందరి ముందూ చెప్పాను: మా నాన్న ఇది మా కృష్ణా జిల్లా కోలాటం పాట అంటున్నారని. ఎవరూ నవ్వలేదు. డప్పు ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో మెల్లగా అడిగారు, పాటను కూడా వదలరా మీరు అని. ఆ "మీరు" నాకు చెంపదెబ్బలా తగిలింది. పెద్దన్న డప్పు పక్కన పెట్టి, నెమ్మదిగానే అన్నాడు:

"తమ్మీ, రేపు ఇంత పెద్ద సభల ఎవడన్న లేసి ఇది ఆంధ్ర పాట అంటే నేనేం జెప్పాలె? సంగతి తేలేదాంక నువ్వు రాకు."

కోపం లేకుండా అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచి వచ్చాను. దారిలో ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. (అక్కడ ఏడిస్తే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. టియర్ గ్యాస్ అనుకునేవారు.) ఇంట్లో ఏమీ చెప్పలేదు గానీ బాత్రూంలో పాట ఆగిపోవడంతో అందరికీ అర్థమైంది. ఆ వారం పాట ఇంకో దేశంలో మొదటి స్థానానికి వెళ్లింది. చెప్పుకోవడానికి నాకు మనిషి లేడు.

ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. చూస్తే పెద్దన్న, భుజాన డప్పుతో. ఆ రోజుల్లో మా వీధిలో డప్పు కనిపిస్తే అందరూ ముందు తలుపులు వేసుకునేవారు, తర్వాత కిటికీలోంచి చూసేవారు. నాన్న కూడా లేచి, బనియన్ మీద చొక్కా వేసుకుని, కొంచెం గంభీరంగా నిలబడ్డారు. పెద్దన్న నమస్కారం పెట్టి, చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. కాఫీ అయ్యేదాకా ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. గ్లాసు కింద పెట్టాక పెద్దన్న అడిగాడు.

"సార్, గా పాట మీదంటున్నరట."

"నాది కాదు బాబూ. మా ఊరిది."

"మా ఊరిది గూడ సార్."

నాన్న లేచి వంటింట్లోకి వెళ్లారు. ఒక చేతిలో అప్పడాల కర్ర, ఇంకో చేతిలో పప్పుగుత్తితో బయటికొచ్చారు. లుంగీ ఎగ్గట్టి, హాలు మధ్యలో టీపాయ్ జరిపించి, కోలాటం మొదలుపెట్టారు. మా నాన్న కాళ్లు ఆఫీసుకీ, కూరగాయల మార్కెట్‌కీ తప్ప ఇంకో పనికి కూడా పనికొస్తాయని నాకు అంతవరకు తెలియదు. పెద్దన్న డప్పు అందుకున్నాడు. పాట ఇద్దరికీ సరిపోయింది. వేగం మాత్రం కుదరలేదు. అంత పరుగైతే ఆడేవాడికి ఊపిరెలా ఆడుతుందని నాన్న, గింత నిమ్మళంగా కొడితే పోతరాజు నిద్రపోతాడని పెద్దన్న. ఎదురింటివాళ్లు కిటికీ పూర్తిగా తెరిచారు. నేను ఉండబట్టలేక కంప్యూటర్ దగ్గరికెళ్లి అసలు పాట పెద్దగా పెట్టాను. ఇద్దరూ ఆగి, చెమటలు తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నారు. పాట అయిపోయాక నాన్న అన్నారు:

"ఎవరో గానీ, గట్టి దొంగలయ్యా వీళ్లు."

"ఔ సార్. నంబర్ వన్ దొంగలు."

నేను పోగేసిన ర్యాంకులన్నీ ఆ ఒక్క వాక్యంలో ఖర్చయిపోయాయి. తర్వాత నాన్న భోజనం చేసి వెళ్లాల్సిందేనన్నారు. పెద్దన్న గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర, నా వంక చూడకుండానే, రేపు రిహార్సల్‌కి జల్దిన రమ్మన్నాడు. నేను సరే అన్నాను.

సభ రోజున జనం ఇసక వేస్తే రాలనట్టు ఉన్నారు. మా వంతు వచ్చింది. పెద్దన్న డప్పు మొదలుపెట్టగానే కుర్రాళ్లంతా లేచి నిలబడ్డారు. నేను వెనక వరుసలో నా చివరన నిలబడి గొంతు చించుకుంటున్నాను. అప్పుడు కనిపించారు నాన్న. రోడ్డు పక్కన, చెట్ల కింద, ఆఫీసు బ్యాగు చంకలో పెట్టుకుని. ఆ ఏళ్లలో ఆయన క్యాంపస్ గేటు దాటిందే లేదు. (నాకు దెబ్బలేమైనా తగుల్తాయేమోనని వచ్చారట, తర్వాత అమ్మ చెప్పింది.) ఆయన చేతులు రెండూ లేని కర్రలు పట్టుకున్నట్టు కదులుతున్నాయి. పాపం, డప్పు వేగం అందక ప్రతిసారీ వెనకబడుతున్నాయి. చుట్టుపక్కల వాళ్లు చూస్తారేమోనని కాసేపు ఆపేసి, మళ్లీ మొదలుపెడుతున్నారు.

పెద్దన్న కూడా చూశాడు. చివరి చరణం దగ్గర మాకు ఒక మాటైనా చెప్పకుండా దరువు తగ్గించేశాడు. పోతరాజు నిద్రపోయేంత నిమ్మళంగా. మేం తడబడి సర్దుకున్నాం. చెట్ల కింద నాన్న చేతులు దెబ్బకి దెబ్బ కలిశాయి. జనం ఇదేదో కొత్త ఎత్తుగడ అనుకుని ఈలలు వేశారు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు మిగతా బృందాలు కూడా చివరి చరణాన్ని నిమ్మళంగా పాడాయి, ఎందుకో వాళ్లకీ తెలియదు. నేను మాత్రం ఆ చరణం పాడలేకపోయాను. నోరు కదిపానంతే. కోరస్‌లో అదొక సౌకర్యం.

రాష్ట్రం వచ్చింది. పెద్దన్నకి పీహెచ్‌డీ కూడా వచ్చింది (ముందు వచ్చింది రాష్ట్రమే). నాన్నా ఆయనా ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. వేగం విషయం ఇంకా తేలలేదు. నేను మల్కాజ్‌గిరిలో ఉంటున్నాను. ఏ దేశంలో ఏ పాట నడుస్తోందో నాకిప్పుడు బొత్తిగా తెలియదు. మొన్న ఒక పెళ్లిలో డీజే ఆ డిస్కో పాట వేశాడు. పక్కన కూర్చున్న మా అమ్మాయి కాలు ఆడిస్తూ, బాగుంది, ఇది ఎవరి పాట నాన్నా అంది. బృందం పేరు, దేశం, ఎన్ని వారాలు మొదటి స్థానంలో ఉందో, అన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి.

"మనదే" అన్నాను.