నిలబెడితే కాగే కారులో వేలూరుకు

గుడియాత్తం నుంచి వేలూరుకు బస్సులో పోతే గంటకు కాస్త అటూ ఇటూ. బస్టాండులో నిలబడితే చాలు, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. కిటికీ పక్కన చోటు దొరికితే గాలికి కునుకు కూడా తీయవచ్చు. ఇంత సులువైన దారిని మేము సొంత కారులో పోయి రెండున్నర గంటలు చేసుకున్నాము. ఈ దారిన కారులో పోదామనుకునేవాళ్ళు ముందు ఇది చదివి, తరువాత పొండి.

పని మా ఆయన కంటిది. రెండు కళ్ళలోనూ పొర ముదిరింది. మగ్గం నేసే మనిషికి కన్ను పోతే చేతులు కూడా పోయినట్టే. పోగు తెగితే వేళ్ళతో తడుముకుంటున్నాడు. కుడి కంటికి ఆపరేషనని ఒకసారి పోతే, చక్కెర ఎక్కువగా ఉందని వెనక్కి పంపారు. ఈసారి సోమవారం పది గంటలలోపల రమ్మన్నారు. తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో చెప్పలేమన్నారు. మూడోసారి ఆయన ఇల్లు కదలడని నాకు బాగా తెలుసు. ‘దేవుడు వద్దంటా ఉండాడు’ అని కూర్చుంటాడు.

నేను బస్సే అన్నాను. మా అబ్బాయి శేఖర్ వినలేదు. వాడికి బజారులో లుంగీల దుకాణం ఉంది, పోయిన ఏడు ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాడు.

"కండ్లాపరేషన్ చేసుకున్న మనిషిని బస్సులో కుక్కి తెస్తే నలుగురూ నన్ను ఏమంటారమ్మా?" అన్నాడు. వాడి దిగులు వాళ్ళ నాయన కన్ను గురించి కాదు, ఆ నలుగురి గురించి.

సోమవారం ఏడున్నరకు రాహుకాలం. ఆలోపలే బయలుదేరాలని మా ఆయన పట్టు. ఏడుంపావుకు ముగ్గురం కారెక్కాము. చక్రం కింద నిమ్మకాయ నలిగింది, నాలుగడుగులు కదిలాము, ఆగిపోయాము. ముందు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎదురింటివాళ్ళు పడుగు సాచి గంజి పెడుతున్నారు. మా వీధిలో అది మామూలే. తడి నూలు మీద బండి పోనివ్వమని ఎవరూ అడగరు. అది ఆరి, ఎత్తేదాకా ఆగాలి.

"ఇంజను ఆపెయ్ రా, ఆయిలు దండగ," అన్నాను.

"ఆపొద్దు!" అని వెనక సీటు నుంచి మా ఆయన అరిచాడు. "బయలుదేరిన బండిని రాహుకాలంలో ఆపితే ప్రయాణం తెగినట్టే. తొమ్మిది దాకా అట్లే ఉరకనీ."

నిలబడిన చోటే ఇంజను గుర్రుమంటూ ఉంది. కాసేపటికి శేఖర్ ముందున్న, ఇంజను వేడి చూపే ముల్లునే చూడసాగాడు. చల్లగా ఉంటే కిందుండే ముల్లు ఎర్రగీత దగ్గరికి ఎక్కింది. బానెట్ సందులోంచి ఎసరు కాగినట్టు ఆవిరి వచ్చింది. నేనే చెయ్యి చాచి తాళం తిప్పేశాను.

మా ఆయనకు కోపం వచ్చింది. "బండి ఆగితే ఆగనీ, నేను ఆగను. నడస్తా," అని దిగి విసవిసా పోయాడు. తెల్ల నూలు ఆయనకు కనబడలేదు. నేరుగా పోయి పడుగులో పడ్డాడు. ఎదురింటి యశోద గంజి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏం మామా, కండ్లు యాడ పెట్టినావు?"

"వేలూర్లో ఉండాయి. తెచ్చుకొనేదానికే పోతా ఉండా," అన్నాడాయన, మీసానికి అంటిన గంజి తుడుచుకుంటూ.

అది నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. తెగిన పోగులు ముడివేయడానికి నేనూ కూర్చున్నాను. పడుగు ఎత్తి దారి ఇచ్చేసరికి ఏడు యాభై. ఆలోపల వేడి తగ్గింది, శేఖర్ నీళ్ళు పోశాడు.

పళ్ళికొండ దారిలో ఒక వింత చూశాను. వేగం అందుకోగానే ముల్లు తానే దిగింది. పళ్ళికొండ బజారులో లారీల వెనక నిలబడగానే మళ్ళీ ఎక్కింది. పోతే చల్లన, నిలబడితే వేడి. మనుషులకు ఇది తలకిందులుగా ఉంటుంది.

పెద్దరోడ్డు పక్కన ఒక మెకానిక్కు ఉంటే ఆపాము. అతను ఇంజను నడిపించి చూడలేదు. బానెట్ ఎత్తి, పెదవి విరిచి, "రేడియేటర్ మూసుకొని ఉంటాది. లేకుంటే ఇంజను ఇప్పి హెడ్డు లేపాల. బండి వదిలిపెట్టి సాయంత్రం రా," అన్నాడు.

"చెయ్యి పట్టి చూడకుండానే జొరమని చెప్తా ఉండావే నాయనా," అన్నాను.

"అవ్వా, ఇరవై ఏండ్లుగా ఇదే పని నాకు."

"అందుకే చూడడం మానేసినావా?"

అక్కడ అరగంట పోయింది. పక్క కొట్టులో ఇడ్లీ తిన్నాము. ఇడ్లీ గట్టిది, చట్నీ నీళ్ళది. మా ఆయన ఏమీ తినకూడదు కాబట్టి ఆయన తప్పించుకున్నాడు.

తింటూ శేఖర్‌ను అడిగాను. "పోయేటప్పుడు ఎందుకురా చల్లగా ఉండేది?"

"ఎదురుగాలి రేడియేటర్‌కు తగుల్తుందమ్మా. నిలబడితే గాలి ఉండదు, లోపల ఉండే కరెంటు ఫ్యాను తిరగాల."

"తిరుగుతా ఉందా మరి?"

వాడు ఇడ్లీ వదిలి లేచాడు. ఇంజను నడిపించి వేడెక్కనిచ్చాడు. ముల్లు ఎక్కింది, ఫ్యాను కదలలేదు. ఫ్యూజు తీసి చూస్తే లోపలి తీగ కాలిపోయి ఉంది. మారు ఫ్యూజు ఒకటి ఉంటే పెట్టాడు. ఫ్యాను ఒక్కసారి మూలిగింది, తిరగలేదు. ఆ ఫ్యూజూ కాలింది.

"ఏదో పట్టి లాగుతా ఉంది ఫ్యానును," అన్నాడు. "చూడాలంటే ఇంజను బాగా చల్లారాల."

చల్లారే తీరిక మాకు లేదు. "పోతా ఉంటే చల్లగా ఉంటాది కదా, పో," అన్నాను.

టోల్‌గేటు దగ్గర మళ్ళీ నిలబడ్డాము. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ చీటీలో డబ్బు లేదట. శేఖర్ కారుకు పూలదండ వేయడం మరచిపోడు, అందులో డబ్బు వేయడం మరచిపోతాడు. వాడు ఫోను నొక్కుతుంటే ముల్లు ఎక్కుతూనే ఉంది. అప్పుడు వాడికి ఒక ఉపాయం తోచింది. చలికాలంలో కారు లోపలికి వేడిగాలి వచ్చే మీట ఉంటుంది కదా, దాన్ని నిండా తిప్పాడు. ఇంజను వేడి కొంత లోపలికి లాగితే ఇంజను బతుకుతుందట. నిజంగానే ముల్లు కాస్త దిగింది. మేము మాత్రం ఉడికాము.

"ఆపరేషన్‌కు ముందే నన్ను ఆవిరికి పెడ్తా ఉండారా?" అని మా ఆయన చొక్కా విప్పేశాడు.

వేలూరు ఊళ్ళోకి వచ్చాక అడుగడుగునా ఆగడమే. ఆటోలవాళ్ళు మా ఎర్ర ముఖాలు చూసి దారి ఇచ్చారు. కంటి ఆస్పత్రి వాకిట్లో దిగేసరికి పదికి ఐదు నిమిషాలు తక్కువ. అమ్మయ్య అనుకున్నాను. నర్సు రక్తపోటు చూసి తల అడ్డంగా ఊపింది.

"చాలా ఎక్కువుండాదే తాతా. ఇట్లా ఉంటే ఈరోజు చేయరు."

"ఈరోజు చేయకుంటే ఇంకెప్పుడూ వద్దమ్మా," అని ఆయన లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టాను.

"ఈయన రక్తం కాదమ్మా, మా కొడుకు కారు కాగింది. కాసేపు ఫ్యాను కింద పెట్టి మళ్ళీ చూడు," అన్నాను.

నర్సు నవ్వి, గంట సమయం ఇచ్చింది. ఆ గంటసేపు ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడితే తిడతాను, తిడితే ఎక్కుతుంది. మళ్ళీ చూస్తే దిగింది. పన్నెండుకు లోపలికి తీసుకుపోయారు.

ఆయన లోపల ఉండగా శేఖర్, నేను కారు దగ్గరికి పోయాము. ఇంజను బాగా చల్లారింది. నేను ఫోను దీపం పట్టాను, వాడు ఫ్యానును చేత్తో తిప్పి చూశాడు. కదలలేదు. దీపం కిందికి దించాను. ఫ్యాను నడుము చుట్టూ నూలు చుట్టుకొని ఉంది, కండె మీద చుట్టినంత గట్టిగా. అక్కడక్కడా పసుపు మరకలు.

ఎవరి పనో చెప్పనక్కరలేదు. ఆయుధ పూజనాడు మగ్గానికి చిలప, అంటే పసుపు పూసిన నూలుకట్ట, కట్టడం మా ఇంటి వాడుక. ఈ ఏడు కారు కూడా పనిముట్టేనని బానెట్ ఎత్తించి, మా ఆయన తన చేత్తో ఇంజనుకూ కట్టాడు. కట్టింది ఇంజనుకు కాదు, ఫ్యాను పక్కన దొరికిన ఏదో గొట్టానికి. అది జారి ఫ్యానుకు చుట్టుకుంది. ఎక్కడ కడుతున్నాడో ఆయనకు కనబడలేదు, కనబడలేదని చెప్పలేదు.

"నాయనకు చెప్పొద్దమ్మా," అన్నాడు శేఖర్.

"కంటి కట్టు విప్పనీ, చెప్తాను," అన్నాను.

జడపిన్నుతో ఒక్కో పోగూ లాగాను. సగం పూట పట్టింది. వాడు ఫ్యూజు కొనుక్కొచ్చి పెట్టాడు. ఇంజను కాసేపు నిలబెట్టే నడిపాము. ముల్లు సగం దాటగానే ఫ్యాను రయ్యిమని తిరిగింది. అంతకు ముందు హెడ్డు లేపుదామన్న పెద్దమనిషి గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

రాత్రి ఆస్పత్రి ఎదురు లాడ్జిలో పడుకున్నాము. నల్లులు లేవు, దిండు మాత్రం రాయి. తెల్లవారి కట్టు విప్పారు. డాక్టరు వేళ్ళు చూపిస్తే మా ఆయన సరిగ్గా లెక్కపెట్టాడు, పైగా "మీ గోరు కింద ఇంకు ఉండాది డాక్టరమ్మా," అన్నాడు. నెల రోజులు దుమ్ములో ఉండకూడదు, మగ్గం ఎక్కకూడదని చెప్పి పంపారు.

తిరుగు ప్రయాణంలో కారు ఎక్కడ ఆగినా కాగలేదు. నూలు ఉండను ఆయన ఒళ్ళో వేసి అంతా చెప్పాను. ముడి చూసి "నాదే," అన్నాడు. కంటికి పెట్టిన నల్లద్దాల పక్కనుంచి ఎండ కొడుతుందంటే సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చాను. తల మీద కప్పుకోకుండా దాన్ని ఒళ్ళో పరిచి చూడసాగాడు.

"ఇది ఎవడు నేసిన గుడ్డ? అంచు పాము మాదిరి పోయింది. ఇక్కడ రెండు పోగులు లేవు. ఈ దరిద్రాన్ని యాడ కొన్నావు?"

శేఖర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"కొనలేదు. నువ్వు నేసిందే," అన్నాను. "నీ పోయినసారి పడుగు లుంగీలలోది. దుకాణంలో అమ్ముడుపోవని వీడు ఇంటికి తెచ్చినాడు. నేను తువ్వాళ్ళుగా కత్తిరించినాను."

"అన్నీ ఇట్లే ఉన్నాయా?"

"అన్నీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మగ్గం దిగేసి ఉందువు. దిగినోడికి కన్నెందుకని ఆపరేషన్‌కూ వచ్చి ఉండవు."

ఆయన తప్పిన పోగుల చోటును బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు. నాకు ముందు రోజంతా రాని జాలి అప్పుడు వచ్చింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు. మా వీధి మలుపు తిరుగుతుండగా, "రెండో కంటికి ఎప్పుడు రమ్మన్నారు?" అని అడిగాడు.

"రెండు నెలలకు. బస్సులో పోదాం," అన్నాను.

"నువ్వు బస్సులో పో. నేను వాడితో వస్తా. మంచి గడియ మాత్రం నేనే చూస్తా," అన్నాడు.

బస్సులో పొండని నేను ఎవరికి చెప్పినా ఇంట్లో వినేవాళ్ళు లేరు. దిగేటప్పుడు తువ్వాలు ఇమ్మంటే ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకొని, తప్పులు లెక్కపెట్టాలంటూ నేరుగా వెలుతురున్న కిటికీ దగ్గరికి పోయాడు.