కుంటాల నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇచ్చోడ పిల్లలకు శివరాత్రి అంటే కుంటాల జాతరే. జలపాతం పక్కనే బండల మధ్య గుహలో సోమేశ్వరుడు ఎన్ని తరాల నుంచో ఉన్నాడు. ఆ పండగకు జనమంతా లోయలోకి దిగి ఆయన్ని చూసి వచ్చేవారు. నా ధ్యాస మాత్రం స్వామి మీద కంటే నీళ్ల మీదే ఉండేది.

ఒక ఏడు శివరాత్రికి ముందు మా తాతయ్య మంచం పట్టాడు. "గుక్కెడు కుంటాల నీళ్లు తాగితె సాలు" అని ఒకటే కలవరింత. మా నానమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. తీరా అక్కడికి చేరాక లోయ దిగడానికి ఆమె మోకాళ్లు సహకరించలేదు. పైనే ఒక టేకు చెట్టు కింద కూర్చుని రాగి చెంబు నా చేతికిచ్చింది. స్వామికి మొక్కి నీళ్లు ముంచుకు రావాలి. ఇల్లు చేరేదాకా చెంబు నేలకు ఆనకూడదు. అది మా ఇంటి పట్టింపు.

నేను ముందు తనివితీరా నీళ్లలో ఆడుకున్నాను. తర్వాతే మొక్కి, చెంబు నింపాను. సగం దారి ఎక్కేసరికి ఆయాసమొచ్చి చెంబు బండ మీద పెట్టాను. అది కాస్తా దొర్లి నీళ్లన్నీ పోయాయి. మళ్లీ దిగడానికి ఒళ్లు వంగలేదు. పైకొచ్చి, చాయ్ హోటలు వెనకున్న నీళ్ల గోలెంలో ముంచుకుని నానమ్మకిచ్చాను.

ఆమె రెండు చేతులా అందుకుంది. చెంబును కొంగుతో కప్పి, ఇంటిదాకా ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది. తాతయ్య తల పైకెత్తి చెంచాతో పోస్తూ, "సోమన్న నీళ్లు. నీ మనుమరాలే తెచ్చింది" అని చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని తాగాడు. "గిప్పుడు నిమ్మళమైంది" అన్నాడు. నాలుగో రోజు పోయాడు.

దినాలయ్యాక ఇక ఉండబట్టలేక ఏడుస్తూ నానమ్మకు అంతా చెప్పేశాను.

"నాకు ఎర్కనే బిడ్డా. నువ్వు గోలెంల ముంచంగ చూసిన. మల్ల దిగుమంటె నీ కాళ్లు నొస్తయనుకున్న" అంది. ఒక్క మాట తిట్టలేదు. నా తల నిమురుతూనే, "గని మీ తాతతోని నేనెన్నడు అబద్ధం ఆడలే" అంది.

ఇప్పుడు నాకూ డెబ్బై దాటాయి. ఏ పనైనా సగంలో వదిలేసి సర్దుకుపోదామని మనసు పీకినప్పుడల్లా ఆ మాటే వినబడుతుంది. నేను మళ్లీ దిగని ఆ సగం దారి కోసం, మా నానమ్మ పోతున్న మనిషితో అబద్ధం ఆడాల్సి వచ్చింది.