గిడ్డమామ ఎక్కిన మూట

మా మేనమామ పంచాయితీకి నిలబడ్డాడన్న కబురు నాకు మొదట తెచ్చింది పాలక్క. ఆ రోజుల్లో మా ఊరు తిరుమణి చుట్టూ సోలార్ పలకలు లేస్తున్నాయి. నాయకుడంటే నలుగురిలో తల కనబడాలని జనం నమ్మకం. అవతల నిలబడినవాడు నిచ్చెనన్న (ఏ గడపలోకైనా వంగే రావాలి). మామ నా చెవి దాటడు. అందుకే ఊరంతా గిడ్డమామ అనేది.

"ఆఫీసర్ల ముందర ఈయప్ప యాడ కనబడతాడే?" అని నవ్వింది పాలక్క, పాలు పోస్తూ.

నాకు నవ్వు రాలేదు. సోలార్ కంచె పడితే మా గొర్రెలు కుంటకు పోయే దారి మూసుకుపోతుంది. ఆ దారి అడుగుతానన్నది మామ ఒక్కడే. (బడికి పోకుండా అవ్వ దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దినదాన్ని; నాకు తెలిసిన రాజకీయమల్లా దీపం పెట్టి మొక్కుకోవడమే.)

సభనాడు మామను ఎత్తు చేసే పని నాకప్పగించారు. బల్ల దొరకలేదు. వసారాలోని వేరుశనగ కాయల మూట లాగించి, దుప్పటి కప్పి, ఆయన్ను ఎక్కించాను. వేరుశనగ పండించే ఇంట పుట్టి, కాయ మనిషి బరువుకు ఆగుతుందా అని తట్టనేలేదు! "అన్నలారా" అనగానే కింద పటపట. "అక్కలారా" అనేసరికి జానెడు దిగాడు. మైకు ఉన్నచోటే ఉంది, మామే మాటమాటకూ పొట్టివాడైపోతున్నాడు.

"మాట్లాడతా ఉండావా, బాయిలోకి దిగతా ఉండావా మామా?" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

అంతలో అవ్వ కేక: "అది ఇత్తనం కాయప్పా! దిగు!"

మామ మొహం మారిపోయింది. దూకి, పిగిలిన మూట ముందు మోకాళ్ళ మీద కూలబడి చెంపలు వేసుకున్నాడు. "ఇత్తనం తొక్కినానే తల్లీ!" అంటూ ఏరసాగాడు. నవ్విన ఆడవాళ్ళే వచ్చి పక్కన కూర్చున్నారు, వెనకే మగవాళ్ళు. ఏరుతూనే గొర్రెల దారి సంగతి చెప్పాడు మామ. మైకు అవసరమే రాలేదు. వేడుక చూడవచ్చిన నిచ్చెనన్న కూడా నాలుగు కాయలు ఏరి నడుము పట్టుకున్నాడు.

మామ గెలిచాడు. ఆఫీసర్లను పిలుచుకుపోయి, పలకల కింద తాను నిటారుగా నడుస్తూ, వాళ్ళను వంచి నడిపించాడు. "గొర్రె ఎత్తు నుంచి చూస్తేనే సార్, దారి కనబడేది" అన్నాడట. కంచెలో చిన్న గేటు పెట్టారు. అది ఈ రోజుకీ ఉంది. మామ లేడు.

దేవుడి గూడు నాకిప్పటికీ అందదు. పీట ఎక్కేముందు అది పీటేనా అని తడిమి చూసి, నాలో నేనే నవ్వుకుంటాను. ఎప్పుడైనా ఆ దారిన పోతూ, గేటులోంచి గొర్రెలు కుంటకు పోవడం చూస్తే, మా గిడ్డమామను ఒక్కసారి తలుచుకోండి.