చేదు చాక్లెట్టులో చక్కెర

విమానాశ్రయంలో తనిఖీలు దాటగానే తళతళలాడే చాక్లెట్ల దుకాణం ఒకటుంది. డోర్కాస్ అక్కడ పొద్దంతా నిలబడే ఉంటుంది. కుర్చీ వేస్తే సరుకు కదలదని యజమానుల నమ్మకం మరి! వచ్చేవాళ్ళు అడిగేవి ఇంచుమించు ఒకటే. ఇందులో గుడ్డు కలుస్తుందా, పిల్లల పళ్ళు పుచ్చుతాయా, మొటిమలు వస్తాయా, రాత్రి నిద్ర పడుతుందా? అన్నిటికీ నవ్వుతూ చెప్పాల్సిన జవాబులు చేరిన రోజే నేర్పారు. నల్ల చాక్లెట్టు గురించి అడిగితే "గుండెకు మంచిది" అనాలి.

ఆ మాటలను మామిడిపల్లిలోని ఇంట్లో అద్దం ముందు నిలబడి బట్టీ పట్టింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల్లి యేసుమణి విన్నది. యేసుమణికి షుగరు. కాకరకాయ, మెంతులు, వేపచిగురు, చేదుగా ఉన్నదేదైనా షుగరు తగ్గిస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మనలో ఎవరికి లేదు గనక? కూతురు మొదటి జీతంతో నల్ల చాక్లెట్టు తెచ్చి నోట్లో పెడితే ముఖం చిట్లించి, "ఏంది బిడ్డా గింత చేదుంది! ఇది మందే," అని మురిసిపోయింది. డోర్కాస్ కాదనలేదు. దుకాణంలో రోజూ "మంచిది" అని చెప్పీ చెప్పీ ఆ మాట తనకూ నిజమే అనిపించింది. జీతం వచ్చినప్పుడల్లా తెచ్చిచ్చింది. తల్లి షుగరు గోలీ మానేసి దాని బదులు చాక్లెట్టు ముక్క వేసుకుంటోందని మాత్రం ఆమెకు తెలియలేదు.

కొన్ని నెలలకు యేసుమణి కాలికి ముల్లు గుచ్చుకుంది. పుండు మానలేదు. దవాఖానలో బొటనవేలు తీసేశారు. సంగతంతా విన్న డాక్టరమ్మ, చాక్లెట్టు కాగితం తెప్పించి వెనక్కి తిప్పి చూపించింది. అందులో కోకో తర్వాతి పేరు చక్కెరే.

"చేదున్నంత మాత్రాన చక్కెర లేనట్టు కాదమ్మా. గోలీలు ఆపడం ఇంకా పెద్ద తప్పు," అంది.

డోర్కాస్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ దుకాణం గడప మళ్ళీ తొక్కకూడదనుకుంది. కానీ కట్టు మార్పించాలన్నా, మందులు కొనాలన్నా ఆ జీతమే దిక్కు. వెళ్ళి అదే చోట నిలబడింది.

ఆ వారమే విశాఖ విమానం కోసం వచ్చిన బ్రహ్మానందం గారనే పెద్దాయన ఓ నల్ల చాక్లెట్టు పెట్టె తీశాడు. "మా ఆవిడకి షుగరమ్మా. ఇది తినొచ్చంటావా?"

సూపర్‌వైజర్ మధు పక్కనే అరలు సర్దుతున్నాడు. అతని చెవులు ఇటే ఉన్నాయి. డోర్కాస్ మాట్లాడకుండా పెట్టె వెనక్కి తిప్పి, చక్కెర అని రాసినచోట గోరు పెట్టింది.

"కళ్ళజోడు విమానంలో వేయించిన బ్యాగులో ఉండిపోయిందమ్మా. నువ్వే చెప్పు."

"గుండెకు మంచిది సార్," మధు అందుకున్నాడు.

పెద్దాయన అతని వంక చూడలేదు. "మీ ఇంట్లో షుగరున్నవాళ్ళకి నువ్వు పెడతావా తల్లీ?"

వద్దు సార్ అంటే చాలు, ఆయన వదిలేసి వెళ్తాడు. ఆ తర్వాత తన ఉద్యోగం ఉండదు, తల్లి కాలికి కట్టూ ఉండదు. డోర్కాస్‌కు ఏడుపొచ్చింది. మింగేసింది.

"మా అమ్మకు పెట్టిన సార్."

"అయితే రెండివ్వమ్మా!"

మధు మెచ్చుకోలుగా తలూపాడు. ఆమె రెండు పెట్టెలూ సంచిలో పెట్టి అందించింది. పెద్దాయన నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు మీ అమ్మగారికి ఎలా ఉందమ్మా?"

"మంచిగుంది సార్," అంది డోర్కాస్, నవ్వుతూనే.