కోతకొచ్చిన నువ్వు చేలో పిలుపు

“గాలి లేచింది చూశావా? సాయంత్రానికి ఇంకా ఎక్కువవుతుంది. కాయలు విచ్చుకున్నాయంటే నా పని అయిపోయినట్టేరా.”

మేం కారు దిగీ దిగకముందే మా మేనత్త నాతో అన్న మొదటి మాట ఇది. వచ్చారా అని అడగలేదు, మా పాపని ఎత్తుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. గుమ్మం పక్కన ఆరేసిన తువ్వాలు కూడా కదలడం లేదు.

“గాలా? ఎక్కడే?” అని లోపలినుంచి మామయ్య గొంతు వినిపించింది. “నీ గుండె అదురుకి చెట్లు ఊగుతున్నాయేమో చూసుకో ముందు.”

ఆవిణ్ని చుట్టుపక్కల అందరూ దడమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. గేటు చప్పుడైతే దడ, కాకపోతే ఎందుకు కాలేదని దడ. పొయ్యి ఆపానో లేదో చూసుకోవడానికి సగం దారినుంచి వెనక్కి వచ్చే మనిషి. “మీ అత్తది గుండె కాదురా, పోస్టాఫీసు ముద్ర. పొద్దస్తమానం టపటపా కొడుతూనే ఉంటుంది” అంటాడు మామయ్య. ఆవిడ నవ్వదు. “నవ్వండి, నవ్వండి. ఎవరో ఒకరు భయపడబట్టే మీరు నవ్వుతున్నారు” అంటుంది.

అలాంటి మనిషి జీవితమంతా పండించింది నువ్వులు. తండ్రి పోయాక ఆయన చేసిన పొలాన్నే తనూ చేసింది, ఆయన వేసిన పంటే వేసింది. మొక్కజొన్న వేసుకోవచ్చు కదా, నిశ్చింతగా నిద్రపోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. “మొక్కజొన్న నన్ను చూసి నవ్వుతుందిరా. ఇది నాలాంటిదే. ముట్టుకుంటే చాలు, బెదిరి రాలిపోతుంది” అంది.

నువ్వు చేను మొదట్నుంచీ చివరిదాకా భయమే. గింజ మరీ సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లుతారు. చల్లిన వెంటనే పెద్దవాన పడితే మట్టి పెచ్చు కట్టి మొలక పైకి రాలేదు. మొలిచాక నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. పూత దశలో వెర్రి తెగులు పట్టుకుంటుంది. పువ్వు పువ్వు కావడం మానేసి గుబురుగా చిన్న చిన్న ఆకులైపోతుంది. ఆ తెగులు ఏ సూక్ష్మజీవి వల్ల వస్తుందో, దాన్ని ఏ పురుగు మోసుకొస్తుందో నేను చదువుకున్నాను. కానీ మా అత్త తెగులు పట్టిన మొక్కని పీకి, మిగిలిన వాటికి తగలకుండా గుండెకి అదుముకుని గట్టు దాటించడం చూసినప్పుడు, నేను చదివిన పేజీలో ఆ భయం రాయలేదనిపించింది.

అన్నిటికంటే పెద్ద భయం కోతప్పుడు. పండిన నువ్వు కాయ కింది వరసనుంచి నోరు తెరుస్తూ వస్తుంది. మోచెయ్యి తగిలితే చాలు, గింజలు నేలపాలు. మట్టిలో పడ్డ నువ్వు గింజని ఏరడం ఎవరి తరమూ కాదు. అందుకని కోత దగ్గరపడితే మా అత్త రాజ్యంలో చట్టాలు మారిపోతాయి. కుక్కని కట్టేస్తుంది. వదులు చేతుల చొక్కా వేసుకున్నవాళ్ళని చేలోకి రానివ్వదు. గట్టు మీద ఎవరూ పరిగెత్తకూడదు. మామయ్యకి తుమ్మొస్తే రోడ్డు మీదికి వెళ్ళి తుమ్మి రావాలి.

ఈసారి మామయ్య మెట్ల మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కోత ఆలస్యమైంది. సాయానికి రమ్మంటే మేం వెళ్ళాం. నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. పాపకి అప్పుడే పరుగు వచ్చింది. దాంతో నాకు నిద్ర పోయింది. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు కోసి పెడతాను, సాకెట్లన్నిటికీ మూతలు పెట్టాను. “మీ వంశంలో గుండెలన్నీ ఒకే దుకాణంలో కొన్నారు” అంటుంది నా భార్య.

ఆ సాయంత్రం పొలం చూద్దామని వెళ్తే నా కళ్ళకి కనిపించింది నువ్వు చేను కాదు, దాని అవతలి గట్టున ఉన్న బావి. గోడ నా మోకాలి ఎత్తు కూడా లేదు. మీద అడ్డంగా చెక్కలు పరిచారు కానీ ఒకచోట చెక్క ఊడిపోయింది. ఆ సందులోంచి కిందికి చూస్తే నల్లటి నీళ్ళలో నా తల కనిపించింది. సందు వెడల్పుని జానతో కొలిచాను. పాప భుజాల వెడల్పు నాకు తెలుసు.

“రేపు కోత అవగానే మేకులు కొట్టేద్దాం. అయినా పాప అవతల గట్టు మీది పాకలో ఉంటుంది కదరా, ఇక్కడిదాకా ఎందుకొస్తుంది?” అన్నాడు మామయ్య.

మా అత్త ఇంటికెళ్ళి పాత తలుపు రెక్క ఒకటి ఈడ్చుకొచ్చి ఆ సందు మీద వేసింది. అది సరిపోలేదు. ఒక పక్క తొక్కితే రెండో పక్క లేస్తోంది. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

మర్నాడు తెల్లారకముందే కోత మొదలుపెట్టాం. మంచుకి కాయ మెత్తబడి ఉంటుంది, అప్పుడైతే కొడవలి తగిలినా గింజ వదలదు. మా అత్త నా పక్కనే కోస్తూ “నెమ్మదిగారా... నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు” అంటోంది. కోసినవి మోపులు కట్టి, కళ్ళంలో తలలు పైకుండేలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాం. ఎండెక్కేసరికి సగం చేను అయింది. మిగతా సగం మర్నాటికి వదిలేసి గట్టు మీద కూర్చున్నాం. మంచు ఆరింది. ఎండకి కాయలు చిటుక్కు చిటుక్కుమంటున్నాయి.

అప్పుడు పాక దగ్గరనుంచి నా భార్య వచ్చింది. చేతిలో పాప చెప్పు ఒకటే ఉంది.

“పాప నీ దగ్గరుందా?”

నా దగ్గర లేదు. పాకలో లేదు, పాక వెనక లేదు, కారు కింద లేదు. కళ్ళంలో మోపుల మధ్య లేదు. ఇక మిగిలింది కొయ్యని సగం చేను. మొక్కలు నా ఛాతీ దాకా ఉన్నాయి. నా కూతురు నా తొడ దాకా ఉంటుంది. ఆ చేను చివరనే బావి.

మామయ్య కట్టు చేత్తోనే గట్టు వెంబడి బావి వైపు పరిగెత్తాడు. నేను చేలోకి దూకాను. పాపని పిలిచాను. ఎలా పిలిచానో నాకు తెలియదు, అది నా గొంతులా లేదు. నేను కదిలిన ప్రతిచోటా కాయలు గలగలమంటున్నాయి, గింజలు నా మెడ మీద, చొక్కా లోపల వానలా పడుతున్నాయి. ఆ చప్పుడులో ఇంకే చప్పుడూ వినపడటం లేదు. ఎటు చూసినా పసుపు ఆకులు, ఊగే కొమ్మలు. వాటిని ఊపింది నేనో, పాపో తెలియడం లేదు.

“ఆగరా!” మా అత్త అరుపు. “అక్కడే ఆగు!”

ఒళ్ళు మండింది. “తగలెయ్యి నీ పంట! రాలితే రాలనీ!” అన్నాను.

“పంట కాదురా పిచ్చోడా, నీ నోరు! నోరు ముయ్యి! అమ్మాయ్, నువ్వు కూడా. ఎవరూ కదలొద్దు, అరవొద్దు.”

కాళ్ళెందుకు ఆగాయో తెలియదు. బహుశా ఆవిడ అలా గద్దించడం నేనెప్పుడూ వినకపోవడం వల్లేమో. గట్టు మీద నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు లేదు. రెండు చేతులూ చంకల్లో దోపుకుంది. నోరు తెరిచింది, గొంతు పెగల్లేదు. గుటక మింగింది. మళ్ళీ తెరిచింది.

“మిరియం గింజా...” అని పిలిచింది. అది ఆవిడ పాపకి పెట్టిన ముద్దు పేరు. వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ పిలిచినంత తాపీగా పిలిచింది. “అరటిపండు ఎవరు తింటారూ?”

ఏమీ లేదు. కాయలు చిటుక్కుమన్నాయి. బావి దగ్గర మామయ్య అటూ ఇటూ చూస్తూ కట్టు చేత్తో చెమట తుడుచుకోవడం కనిపించింది. నా నోటిదాకా వచ్చిన కేకని పళ్ళతో పట్టుకున్నాను.

“ఎవరికీ వద్దా? సరేలే, నేనే తినేస్తా. మీ తాతకి తొక్క ఇస్తా.”

కొంచెం సేపు. నా జీవితంలో అంత పొడుగు కొంచెం సేపు ఇంకొకటి లేదు.

“నాకూ...”

బావి వైపునుంచి వచ్చింది ఆ మాట. నా భార్య నాకంటే ముందు కదిలింది, నడిచే వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. రెండు వరసల మధ్య పాప గొంతుక్కూర్చుని ఉంది. పిడికిళ్ళ నిండా ఆకులు. చెంపల మీద కన్నీళ్ళకి అంటుకున్న నువ్వు గింజలు. నన్ను చూడగానే రెండు చేతులతో ముఖం మూసుకుంది. నన్ను చూసి.

మొక్కల పై నుంచి చూస్తే, అక్కణ్నుంచి పెద్ద అంగలు నాలుగైదు వేస్తే బావి గోడ.

పాపని వాళ్ళమ్మ ఎత్తుకెళ్ళాక నేను అక్కడే ఉండిపోయాను. దేన్నైనా పరీక్షగా చూడటం నా ఉద్యోగపు అలవాటు. వంగిన మొక్కలు, మట్టి మీద తెల్లగా రాలిన గింజలు పాప నడిచిన దారి చూపిస్తున్నాయి. పాక దగ్గర చేలోకి దిగింది. చాలాసేపు అక్కడక్కడే తిరిగింది, ఆకులు తుంపింది, కూర్చుంది. ఆ దారికీ బావికీ సంబంధమే లేదు. తర్వాత నేను చేలోకి దూకిన చోటుకి కాస్త ఎడంగా ఒక చోటు వచ్చింది. అక్కణ్నుంచి పాప దారి ఒక్కసారిగా తిరిగింది. ఎక్కడా ఆగకుండా, వంకర లేకుండా, నానుంచి దూరంగా సాగింది. నేను అరుస్తూ తరిమినకొద్దీ అది బావి వైపే పోయింది.

చొక్కాలో పడ్డ గింజలు దులుపుకోకుండానే గట్టు వైపు నడిచాను.

గట్టు దగ్గరికి వచ్చేసరికి మా అత్త కాళ్ళు చాపుకుని నేల మీద కూలబడి ఉంది. పాప ఆవిడ ఒళ్ళో కూర్చుని గట్టిగా నిలదీస్తోంది: “అరటిపండేదీ?”

“ఓరి భగవంతుడా, పండు ఎక్కడుందే నా దగ్గర!” అంది అత్త. మామయ్య వైపు తిరిగి, “నిలబడి చూస్తారేం? తీసుకురండి!” అంది.

“బావి కాపలా కాయమంటావా, పళ్ళ కొట్టుకి వెళ్ళమంటావా?” అంటూనే ఆయన వెళ్ళాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వే మనిషి ఈసారి మాత్రం నవ్వలేదు. గట్టు మలుపులో కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ఆ మధ్యాహ్నం మామయ్య బాగున్న చేత్తో చెక్కలు పట్టుకుంటే, నేను వాటన్నిటినీ బావి మీద బిగించి మేకులు కొట్టాను. మేకు మీద మేకు కొడుతుంటే మా అత్త పక్కనే కూర్చుని అందించింది. పొద్దుటి సంగతి నేనే ఎత్తాను. అది అరుపు విని పారిపోతోందని నీకెలా తెలుసు అని అడిగాను.

“నేనూ ఒకసారి అందులో దాక్కున్నానురా” అంది, చేను వైపు చూడకుండా. “దానికంటే కాస్త పెద్దదాన్ని. కోతకొచ్చిన చేలో సీతాకోకచిలుక వెంట పరిగెత్తాను. అడ్డదిడ్డంగా పరిగెత్తి, అంతా రాల్చేశాను. మా నాన్న చూశాడు. పిలవడం మొదలుపెట్టాడు. ఎంత గట్టిగా పిలిస్తే నేనంత కిందికి ముడుచుకుపోయాను. ఆయన నా పక్కనుంచే వెళ్ళాడు, కాళ్ళు కనిపించాయి. పలికితే చంపేస్తాడనుకున్నాను. చీకటి పడేవేళకి మా అమ్మ వచ్చి, అన్నం చల్లారిపోతోందే అంది. అప్పుడు లేచాను.”

“తిట్టారా?”

“లేదురా. పట్టుకుని ఏడ్చాడు. ఆయన పిలిచింది కోపంతో కాదు, భయంతో. అది నాకు అప్పుడేం తెలుసు? పిల్లలకి రెండూ ఒకేలా వినపడతాయి.” మేకు నా చేతిలో పెట్టింది. “ఈ దడ అప్పుడు పట్టుకుందో, పుట్టుకతోనే ఉందో మరి. పొద్దున్న నాకు గొంతు రాలేదు చూశావుగా. మీ అందరికంటే నేనే ఎక్కువ భయపడ్డాను.”

మర్నాడు మళ్ళీ తెల్లారకముందే మొదలుపెట్టి మిగిలిన సగం కోశాం. నేను తొక్కిన చోట కాయలు ఖాళీ. మా అత్త ఆ చోటుని దాటి కోసుకుంటూ పోయింది. సగం వరస అయ్యాక, నడుం ఎత్తకుండానే అంది.

“భయపడొద్దని చెప్పనురా, నేను చెబితే కుక్క కూడా నవ్వుతుంది. రోజుకోసారి దాన్ని ఊరికే పిలువు. ఏ పనీ లేనప్పుడు, ఏ ప్రమాదమూ లేనప్పుడు. పలికితే ముద్దుపెట్టుకుని పంపెయ్. నీ పిలుపంటే తిట్టు కాదని దానికి అలవాటవ్వాలి. భయమేసిన రోజున కూడా ఆ గొంతుతోనే పిలువు. గొంతు రాకపోతే గుటక మింగి, మళ్ళీ పిలువు.”

ఇప్పుడు రోజూ పిలుస్తున్నాను. ఏమీ తోచకుండా కూర్చున్నప్పుడు, పక్క గదిలో అది బొమ్మలు పగలగొట్టుకుంటున్నప్పుడు పిలుస్తాను. చాలాసార్లు వెంటనే పలుకుతుంది. ఒక్కోసారి పలకదు. అప్పుడు గుండె ఎక్కడికో జారిపోతుంది. కుర్చీ పట్టుకుని, గుటక మింగి, గిన్నెలు సర్దుకుంటున్నవాడిలా మళ్ళీ పిలుస్తాను.