తొందరపడి చల్లార్చిన కొక్కెం

మొన్న చెన్నపట్నం నుంచి వచ్చిన మా అల్లుడు, ఒంటిమీద కత్తి పెట్టకుండానే లోపలి ఎముకను పటం తీసి చూపించే కిరణాలేవో అక్కడి ఆసుపత్రికి వచ్చాయని చెబుతుంటే, ఇంటిల్లిపాదీ నోరు తెరుచుకుని విన్నారు. నేను మాత్రం అవి ఇనుము లోపలికి కూడా చూస్తాయా అని అడగబోయి ఊరుకున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, గోదావరి కాలువలకు లాకులు కడుతున్న రోజుల్లో బండరాళ్లు ఎత్తే ఉక్కు కొక్కేలు మాలాంటివాళ్ల కొలుముల్లోనే తయారయ్యేవి. మా మేనమామ పెద్ద కమ్మరి, నేను ఆయన కింద పనివాణ్ణి. ఎర్రగా కాలిన ఉక్కును గబుక్కున చల్లారిస్తే పైకి నున్నగానే ఉండి లోపల బిగువు మిగిలిపోతుందనీ, బరువు పడ్డనాడు అది పుటుక్కుమంటుందనీ ఆయన వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. అందుకే ప్రతి కొక్కేన్నీ ఊక బూడిదలో కప్పెట్టి మర్నాడు మధ్యాహ్నందాకా ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఒకనాడు పొద్దున్నే ఒక కొక్కెం కప్పెట్టి, రేపు తీసి లాకు పనివాళ్లకు అప్పగించమని నాకు చెప్పి పొరుగూరు వెళ్లాడు. నా భార్య పురిటికి ఆత్రేయపురంలో పుట్టింట ఉంది, బిడ్డ పుట్టి ఇరవై రోజులైనా నేనింకా మొహం చూడలేదు, అటు పోయే పడవేమో రేవులో సిద్ధంగా ఉంది. రేపటిదాకా ఆగలేకపోయాను. ఇంకా ఎర్రగా ఉన్న కొక్కేన్ని పట్టకారుతో లాగి కాలువ నీళ్లలో ముంచేశాను. సుత్తితో తట్టి చూస్తే ఖణేల్‌మంది, ఇంకేం భయం లేదనుకుని అప్పగించేసి పడవెక్కాను. ఎంత వెధవనండీ నేను!

నేను తిరిగొచ్చిన మర్నాడే, రాయి ఎత్తుతుండగా ఆ కొక్కెం విరిగింది. కింద పనిచేస్తున్న మా మేనమామ కొడుకు కాలు నుజ్జయిపోయింది, మోకాలిదాకా తీసేశారు.

విరిగిన ముక్కలు చేత్తో పట్టుకుని, "ఏరా, మర్నాటిదాకా బూడిదలోనే ఉంచావుగా?" అని అడిగాడాయన.

"ఉంచాను మావయ్యా" అన్నాను.

"అయితే నా చేతిలోనే తేడా వచ్చిందిరా. కన్నకొడుకుని నేనే కుంటివాణ్ణి చేసుకున్నాను" అని సుత్తి నాకిచ్చేసి, మళ్లీ కొలిమి గడప తొక్కలేదు. ఆ సుత్తితోనే నేను పిల్లల్ని పెంచాను, పెద్ద కమ్మరినని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఇప్పుడు కొక్కేలు దొరల సీమ నుంచి ఓడల్లో దిగుతున్నాయి, ఎవరు కాల్చారో, ఎట్లా చల్లార్చారో అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. మా రోజుల్లో చేసినవాణ్ణి మొహం చూసి అడిగేవారు, చెప్పింది నమ్మేవారు. ఆయనా నమ్మాడు. పోయేముందు మంచంలో పడుకుని తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండేవాడు, పక్కనే కూర్చుని కూడా నేను నోరు విప్పలేదు.